పేరు బతికితే పత్రిక బతికినట్టేనా?
‘వియర్డ్ టేల్స్’ పునరుద్ధరణల కథ

పోయిన దసరా సెలవుల్లో మా ఊరి యువ మిత్రులు నలుగురు ఇంటికి వచ్చారు. పదేళ్ళ కిందట ఆగిపోయిన మా ద్వైమాసిక పత్రికను మళ్ళీ తీసుకురావాలన్నది వాళ్ళ సంకల్పం. అప్పట్లో ఆ సంపాదకవర్గంలో నేనూ ఉండేవాణ్ణి కనుక నా అభిప్రాయం అడిగారు. ‘‘పేరు అందరికీ తెలిసిందే గదా మాస్టారూ, పేరుంటే సగం పని అయినట్టే’’ అన్నాడు వాళ్ళలో ఒకడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఒక అమెరికన్ పత్రిక చరిత్ర చదువుతున్నాను. 1923లో పుట్టి, 1954లో ఆగిపోయి, ఆ తర్వాత అరడజను సార్లు లేచి, లేచిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పడిపోయిన పత్రిక అది. పేరు ‘వియర్డ్ టేల్స్’. దయ్యాలు, శాపాలు, పాతాళ దేవతలు, మనిషి ఊహకందని లోకాలు దాని సరుకు.

ఇలాంటి పత్రికను గురించి అభ్యుదయ సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు కనుబొమలు ముడవవచ్చు. 1980లలో మన వారపత్రికల్లో చేతబడి, బాణామతి నవలలు వెల్లువెత్తినప్పుడు మనవాళ్ళు వాటిని క్షుద్రసాహిత్యమని ఖండించారు. ఆ ఖండన న్యాయమైనదే, ఇవాళ కూడా నేను దానికి కట్టుబడే ఉన్నాను. అయితే ఆ వాదోపవాదాల్లో మనం ప్రధానంగా కథావస్తువును గురించే మాట్లాడాం. ఆ పత్రికలు ఎవరి డబ్బుతో నడిచాయి, రాసేవాళ్ళకు ఏమిచ్చాయి, కాగితం వ్యాపారి బాకీ ఎవరు తీర్చారు అన్న సంగతులు పెద్దగా పట్టించుకోలేదు. సాహిత్యాన్ని ఉత్పత్తి సంబంధాల్లో పెట్టి చూడాలని చెప్పే మనమే ఆ పని చెయ్యకపోవడం కొంచెం వింతే. వియర్డ్ టేల్స్ విషయంలో ఆ వివరాలన్నీ దొరుకుతున్నాయి. ఆ రోజుల సంచికలు కూడా చాలా మటుకు కంప్యూటర్ తెరమీద యథాతథంగా చదువుకోవచ్చు.

ముందుగా ‘వియర్డ్’ అన్న మాట సంగతి చూద్దాం. పాత ఇంగ్లీషులో దీనికి విధి అని అర్థం. తర్వాత అది వింత, అమానుషం, అగమ్యం అన్న అర్థాల్లోకి జారింది. మన అలంకారశాస్త్రం ప్రకారం దీన్ని ఏ రసంలో వెయ్యాలి? భయానకమంటే చాలదు. పులిని చూసినా భయమే కలుగుతుంది, అది వియర్డ్ కాదు. అద్భుతమన్నా చాలదు. రాజకుమారుడు తివాచీ మీద ఎగిరితే విస్మయం కలుగుతుంది, ఒళ్ళు జలదరించదు. విస్మయమూ భయమూ ఒకదాన్నొకటి విడవకుండా పెనవేసుకుని, పక్కన కొంచెం జుగుప్స కూడా తోడైనప్పుడు కలిగే స్థితి ఇది. మనకు తెలిసిన ప్రపంచపు నియమం ఒకటి హఠాత్తుగా పనిచెయ్యడం మానేసిందన్న అనుభూతి దాని మూలం. టాగూరు ‘క్షుధిత పాషాణం’ చదివినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక పత్రిక పుట్టుక. షికాగోలో జె.సి. హెన్నెబర్గర్ అనే ప్రచురణకర్త, భాగస్వామి లాన్సింగర్‌తో కలిసి, 1923 మార్చిలో మొదటి సంచిక తెచ్చాడు. వెల 25 సెంట్లు. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చయ్యేవి కనుక ఇలాంటి పత్రికలను ‘పల్ప్’ పత్రికలు అనేవాళ్ళు. మొదటి సంపాదకుడు ఎడ్విన్ బెయిర్డ్. ఏడాది తిరిగేసరికి అప్పు నలభైవేల డాలర్లు దాటింది. అప్పుల్లో పెద్ద భాగం ప్రెస్సుది. ఆ ప్రెస్సు యజమాని కార్నీలియస్ తన బాకీ కింద పత్రికలో ఎక్కువ వాటా తీసుకున్నాడు. బాకీ తీరేంత లాభం వస్తే పత్రిక మళ్ళీ హెన్నెబర్గర్‌కు దక్కాలన్నది ఒప్పందం. ఆ లాభం ఎన్నడూ రాలేదు. ప్రెస్సు బాకీల సంగతి తెలిసిన తెలుగు పత్రికా సంపాదకుడెవరైనా ఇక్కడ ఒక్క క్షణం ఆగి నిట్టూర్చక మానడు.

1924 నవంబరు సంచిక నుంచి 1940 దాకా సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్. ఈయన అంతకు ముందు సంగీత విమర్శకుడు, షేక్స్‌పియర్ అంటే ప్రాణం. 1935లో షేక్స్‌పియర్ నాటకాన్ని పల్ప్ కాగితం మీద బొమ్మలతో చవకగా అచ్చువేసి నష్టపోయాడు కూడా. పార్కిన్సన్ జబ్బు వల్ల 1930 నాటికి తన సంతకం తాను చెయ్యలేని స్థితికి వచ్చాడు. ఆ చేతులతోనే పదేళ్ళు పత్రిక నడిపాడు. లవ్‌క్రాఫ్ట్, రాబర్ట్ హోవర్డ్, క్లార్క్ ఆష్టన్ స్మిత్, కేథరిన్ మూర్ వంటి రచయితలు పేరు తెచ్చుకున్నది ఈయన చేతుల మీదుగానే. కేథరిన్ మూర్ ఇండియానాపోలిస్‌లో బ్యాంకు ఉద్యోగిని. సి.ఎల్. మూర్ అన్న పొడి అక్షరాలతో ఆమె పంపిన మొదటి కథ 1933 నవంబరులో అచ్చయింది. తర్వాతి కాలంలో గొప్ప నాటకకర్త అయిన టెనెసీ విలియమ్స్ మొట్టమొదట అచ్చయిన కథ కూడా ఈ పత్రికలోదే. 1928 ఆగస్టు సంచిక. అప్పటికి ఆయనకు 17 ఏళ్ళు, అందుకున్న పారితోషికం 35 డాలర్లు.

అలాగని రైట్ అన్నీ సరిగ్గా గుర్తించాడని కాదు. లవ్‌క్రాఫ్ట్ కథల్లో ఇవాళ అందరూ తలుచుకునే ‘కాల్ ఆఫ్ క్తూలూ’ను మొదట తిప్పి పంపి, తర్వాత మనసు మార్చుకుని 1928లో వేశాడు. మరొక పెద్ద రచనను 1931లో తిప్పి పంపితే అది 1936లో వేరే పత్రికలో వచ్చింది. పాఠకులకు అన్నిటికంటే నచ్చింది వీళ్ళెవరూ కాదు, సీబరీ క్విన్. ఈయన శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారస్తుల పత్రికకు సంపాదకుడిగా పనిచేసినవాడు. ఇది నేను కల్పించింది కాదు సుమా!

రచయితలకు ఏమిచ్చేవారు? మాటకు అర సెంటు నుంచి ఒక సెంటు. మరీ పేరున్నవాళ్ళకు ఒకటిన్నర. అదీ కథ తీసుకున్నప్పుడు కాదు, అచ్చయిన తర్వాత. ఆర్థిక మాంద్యం ముదిరాక అచ్చయిన తర్వాత కూడా కాదు. టెక్సాస్‌లో ఒక చిన్న ఊరిలో ఉండి కోనన్ కథలు రాసిన హోవర్డ్‌కు 1935 నాటికి పత్రిక ఎనిమిది వందల డాలర్లకు పైగా బాకీపడింది. తల్లి క్షయతో మంచాన ఉంది, వైద్యానికి డబ్బు లేదు, ఇవ్వవలసింది ఇప్పించండని ఆయన రైట్‌కు ఉత్తరం రాశాడు. 1936 జూన్‌లో, తల్లి ఇక తెలివిలోకి రాదని తెలిసిన రోజున, 30 ఏళ్ళ వయస్సులో పిస్తోలుతో కాల్చుకుని చనిపోయాడు. ఆ చావుకు పత్రిక కారణమని నేననను. అది అన్యాయమవుతుంది. కానీ చనిపోయేనాటికి కూడా ఆ బాకీ తీరలేదన్నది మాత్రం చరిత్ర. కోనన్ పేరు మీద తర్వాతి కాలంలో సినిమాలు, బొమ్మల కథలు, ఆటవస్తువులు ఎన్ని వచ్చాయో లెక్కలేదు.

ముఖచిత్రాల సంగతి కూడా చెప్పాలి. 1932 తర్వాత కొన్నేళ్ళపాటు ఎక్కువ సంచికలకు బొమ్మలు వేసింది మార్గరెట్ బ్రండేజ్. సంతకం ఎం. బ్రండేజ్ అని ఉండేది కనుక మగవాడని పాఠకులు అనుకునేవారు. ఒక్కో బొమ్మకు 90 డాలర్లు. బొమ్మలు ఎక్కువగా అర్ధనగ్న స్త్రీలవి. ఏ సంచిక అమ్ముడుపోతుందో యజమానులకు తెలుసు. ఈమె భర్త స్లిమ్ బ్రండేజ్ ప్రపంచ పారిశ్రామిక కార్మికుల సంఘం సభ్యుడు. ఇద్దరికీ పరిచయమైంది షికాగోలో అరాచకవాదులు, కార్మిక నాయకులు, కవులు చేరే డిల్ పికిల్ క్లబ్బులో. భర్త సంపాదన నిలకడ లేనిది. కొడుకునూ జబ్బుపడిన తల్లినీ పోషించుకోవడానికి ఆమె ఈ బొమ్మలు వేసింది. వామపక్ష భావాల మధ్య మసలిన స్త్రీ బతుకుతెరువు కోసం మార్కెట్టు కోరిన స్త్రీదేహాలను పాస్టెల్ సుద్దలతో గీస్తూ కూచోవడంలో ఉన్న వైరుధ్యాన్ని ఏ సిద్ధాంత వ్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి అమెరికా పౌరసత్వానికి అర్హుడు కాడని అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది 1923 ఫిబ్రవరిలో. వియర్డ్ టేల్స్ మొదటి సంచిక మీద ఉన్న తేదీ ఆ మరుసటి నెలది. 1924లో వలసల చట్టం వచ్చి ఆసియా వాళ్ళకు తలుపులు మూసింది, దక్షిణ, తూర్పు యూరపు వాళ్ళను పిడికెడు మందికి కుదించింది. ఆ సంవత్సరాల్లోనే లవ్‌క్రాఫ్ట్ న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో కాపురం పెట్టి, చుట్టూ ఉన్న వలస జనాన్ని చూసి అసహ్యంతో వణికిపోయాడు. ఆ వణుకులోంచి పుట్టిన కథ ‘హారర్ ఎట్ రెడ్ హుక్’, 1927 జనవరి సంచికలో వచ్చింది. అందులో పిశాచ పూజలు చేసేది ఎవరయ్యా అంటే ఓడరేవు పేటలోని పేద వలసవాళ్ళు! కాబట్టి ‘ఈ విశ్వంలో మనిషి చీమపాటి కూడా కాడన్న తాత్విక భయం’ అని లవ్‌క్రాఫ్ట్‌ను మెచ్చుకునేవాళ్ళు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ భయంలో నక్షత్రాల వాటా ఎంత, పక్కవీధి కూలివాళ్ళ వాటా ఎంత? రైట్ సంపాదకత్వంలోనే 1930లో ‘ఓరియెంటల్ స్టోరీస్’ అని తూర్పుదేశాల కథలకే మరో పత్రిక పెట్టారు. పేరు మార్చినా అది 1934 దాటలేదు.

అలాగని లవ్‌క్రాఫ్ట్‌ను జాత్యహంకారి అని ఒక్క మాటతో అవతల పారేస్తే విమర్శకుడి పని తేలికవుతుంది గాని పూర్తికాదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మధ్యతరగతి మనిషికి కాళ్ళకింద నేల కదిలిన మాట నిజం. ఆ కదలికను అతను శిల్పంగా మలిచాడు. కారణం మాత్రం తప్పుగా చెప్పాడు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

1938లో పత్రిక న్యూయార్కు యజమాని చేతికి పోయింది. 1940 మొదట్లో రైట్‌ను పంపించివేశారు, ఆ ఏడాది జూన్‌లోనే ఆయన చనిపోయాడు. ఆ తర్వాత చివరిదాకా సంపాదకురాలు డొరతీ మకిల్‌రైత్. రే బ్రాడ్‌బరీ తొలి కథలు కొన్ని ఈమె కాలంలో వచ్చాయి. యుద్ధకాలపు కాగితం కరువు, బొమ్మల పత్రికలు, జేబు పుస్తకాలు, టెలివిజన్ అన్నీ కలిసి పల్ప్ పత్రికలను తినేశాయి. 1954 సెప్టెంబరు నాటి 279వ సంచికతో వియర్డ్ టేల్స్ ఆగిపోయింది.

పేరు మాత్రం ఆగలేదు. అది ఆస్తి అయింది. ఒకరు కొన్నారు, ఒకరికి అద్దెకిచ్చారు, మరొకరికి అమ్మారు. లియో మార్గులీస్ ఆ హక్కు కొని, శామ్ మాస్కోవిట్జ్ సంపాదకుడిగా 1973, 74లలో నాలుగు సంచికలు తెచ్చాడు. అందులో పాత కథల పునర్ముద్రణలే ఎక్కువ. 1980ల మొదట్లో లిన్ కార్టర్ జేబు పుస్తకాల రూపంలో మరో నాలుగు తెచ్చాడు. 1984, 85లలో లాస్ ఏంజెలస్‌లో మరొకరు రెండు తెచ్చారు, అవి దుకాణాలకే సరిగ్గా చేరలేదు. ఇవి మూడూ పునరుద్ధరణలు కావు, సంవత్సరీకాలు. అయితే ఒక్క విశేషం. ప్రతివాడూ సంచిక సంఖ్యను మాత్రం జాగ్రత్తగా కొనసాగించాడు. మాస్కోవిట్జ్ 280తో మొదలుపెడితే లాస్ ఏంజెలస్ వాళ్ళు 289 దగ్గర ఆగారు. చచ్చిన పత్రికకు వయస్సు లెక్కపెట్టడం మాత్రం ఎవరూ మానలేదు.

నిజమైన పునరుద్ధరణ 1988లో ఫిలడెల్ఫియాలో జరిగింది. జార్జ్ సైథర్స్, డారెల్ ష్వైట్జర్, జాన్ బెటాన్‌కోర్ట్ అనే ముగ్గురు, పెద్ద కంపెనీ ఏదీ వెనక లేకుండా, 290వ సంచిక తెచ్చారు. పాతకథల అటక దులపడం మీద ఆధారపడలేదు, బతికి ఉన్న రచయితల చేత కొత్తగా రాయించారు. ఆరేళ్ళు బాగానే నడిచింది. అంతలో పేరు వాడుకునే ఒప్పందం గడువు తీరింది. సంపాదకులు ఉన్నారు, రచయితలు ఉన్నారు, చందాదారులు ఉన్నారు, పేరు లేదు! ఏం చేశారు? 1994 నుంచి 96 దాకా నాలుగు సంచికలు ‘వరల్డ్స్ ఆఫ్ ఫాంటసీ అండ్ హారర్’ అన్న వేరే పేరుతో తెచ్చారు. 1998లో పాత పేరు మళ్ళీ దక్కింది. మొత్తం వందేళ్ళ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచింది వేరే పేరుతో వచ్చిన ఆ నాలుగు సంచికలే. 1973లో పేరు ఉంది, పత్రిక లేదు. 1994లో పత్రిక ఉంది, పేరు లేదు.

2005లో వైల్డ్‌సైడ్ అనే చిన్న ప్రచురణ సంస్థ దాన్ని కొన్నది. 2007లో కథల సంపాదకత్వం ఆన్ వాండర్‌మీర్ చేతికి వచ్చింది. స్టీఫెన్ సీగల్ రూపకల్పన చూశాడు. లవ్‌క్రాఫ్ట్ అనుకరణలు తగ్గి కొత్త గొంతులు వినిపించాయి. 2009లో, పుట్టిన 86 ఏళ్ళకు, పత్రికకు మొదటిసారి హ్యూగో పురస్కారం వచ్చింది. ఆన్ వాండర్‌మీర్ తన భర్తతో కలిసి 2011లో ‘ద వియర్డ్’ అనే బృహత్ సంకలనం తెచ్చింది. అందులో నేను పైన చెప్పిన టాగూరు కథ కూడా ఉంది. ఓరియెంటల్ స్టోరీస్‌లో తూర్పుదేశం కథకు వస్తువు మాత్రమే. ఇక్కడ తూర్పుదేశపు మనిషి కథకుడిగా కూచున్నాడు. ఎనభై ఏళ్ళకు గాని ఆ దూరం దాటలేదు.

అదే ఏడాది ఆగస్టులో వైల్డ్‌సైడ్ వాళ్ళు పత్రికను మార్విన్ కే అనే సంకలనకర్తకు అమ్మారు. కొత్త యజమానే సంపాదకుడయ్యాడు. పురస్కారం తెచ్చిన బృందం బయటికి నడిచింది. ఆన్ వాండర్‌మీర్ పేరు గౌరవార్థం మాత్రం కొంతకాలం ఉంచారు. 2012 ఆగస్టులో, నల్లవాళ్ళు ఏలే భవిష్యత్తులో తెల్ల అమ్మాయి పడే కష్టాలను చిత్రించిన ఒక నవల మొదటి అధ్యాయాన్ని వేస్తామని కే ప్రకటించాడు. అందులో తెల్లవాళ్ళను ‘ముత్యాలు’ అనీ నల్లవాళ్ళను ‘బొగ్గులు’ అనీ అంటారు. వ్యంగ్యమని ఆయన సమర్థించుకున్నాడు. పాఠకులూ రచయితలూ భగ్గుమన్నారు. ప్రచురణకర్త ఆ ప్రకటనను వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పాడు. ఆన్ వాండర్‌మీర్ రాజీనామా చేసింది. ఎనభై అయిదేళ్ళ కిందటి రెడ్ హుక్ భయం వేరే దుస్తుల్లో మళ్ళీ వచ్చింది. తేడా ఏమిటంటే ఈసారి పాఠకులు ఊరుకోలేదు. 2014లో పత్రిక మళ్ళీ ఆగింది. 2019లో జోనథన్ మేబరీ సంపాదకత్వంలో 363వ సంచికతో మళ్ళీ లేచింది.

ఈలోగా పత్రిక వెలుపల జరిగినవి తక్కువేమీ కాదు. లవ్‌క్రాఫ్ట్ బతికుండగా పెద్ద ప్రచురణకర్తలెవరూ ఆయన కథలను పుస్తకంగా వెయ్యలేదు. ఆయన చనిపోయిన రెండేళ్ళకు, 1939లో, ఇద్దరు రచయిత మిత్రులు సొంతంగా ప్రచురణ పెట్టి 1,268 ప్రతులు వేస్తే అవి అమ్ముడుపోవడానికి నాలుగేళ్ళు పట్టింది. అలాంటి మనిషి ముఖం కొన్ని దశాబ్దాల తర్వాత ప్రపంచ ఫాంటసీ పురస్కారానికి ప్రతిమ అయింది. 2011లో ఆ పురస్కారం అందుకున్న నైజీరియా మూలాల రచయిత్రి నెడీ ఒకోరాఫోర్, తన జాతిని అసహ్యించుకున్నవాడి తలను ఇంట్లో ఎలా పెట్టుకోవాలని బాహాటంగా అడిగింది. 2015 తర్వాత ఆ ప్రతిమను మార్చారు. విక్టర్ లవాల్ అనే నల్లజాతి రచయిత 2016లో రెడ్ హుక్ కథనే తీసుకుని, ఒక నల్ల యువకుడి వైపు నుంచి తిరగరాశాడు. అదీ ఒక పునరుద్ధరణే అంటాను నేను. దానికి సంచిక సంఖ్య అవసరం లేకపోయింది.

ఇదంతా ఆ నలుగురు మిత్రులకు మరో ఆదివారం కూచోబెట్టి చెప్పాను. ఓపికగా విన్నారు, టీ రెండుసార్లు తాగారు. ‘‘అయితే పేరు వద్దంటారా?’’ అన్నారు. పేరు వద్దనలేదు నేను. పేరుతోపాటు దాని బాకీలు కూడా వస్తాయని మాత్రం అన్నాను. మా పత్రిక ఆగినప్పుడు ప్రెస్సుకు ఇవ్వవలసింది ఉండిపోయింది. ఆ యజమాని ఇప్పుడు లేడు, కొడుకు ఫ్లెక్సీలు అచ్చువేస్తున్నాడు. బజార్లో ఎదురైతే నమస్కారం పెడతాడు, డబ్బు మాట ఎత్తడు. ఏడాది చందా కట్టి రెండే సంచికలు అందుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో మా బడి అటెండరు ఒకాయన. ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయకుండా మేము పత్రిక మూసేశాం. చందాదారుల పేర్లు రాసుకున్న నోటుపుస్తకం బీరువాలో అడుగున దొరికితే తీసి వాళ్ళ చేతికిచ్చాను. కొత్త సంచిక ఎవరికి ముందు పంపాలో అందులో ఉంది. ప్రెస్సు అబ్బాయి దగ్గరికి వచ్చే ఆదివారం నేనూ వెంట వస్తానన్నాను.